గుండ్రాయి మీద వెలగపండు

నాచు పట్టి జారిపోయే గుండ్రాయి నెత్తిన ఓ వెలగపండు రాలి, అటూ ఇటూ ఊగి, అక్కడే నిలబడిపోయింది. రాయికి ఇవతల ఆకలితో నకనకలాడే ఉడుత పిల్ల, అవతల అడవిపంది. రాయి ఎక్కడం ఇద్దరివల్లా కాలేదు. పండు ఎటు దొర్లితే అటువాళ్లది.

పక్కనే ఎండ కాచుకుంటున్న తొండ తల ఊపుతూ అంది: "కారణం లేనిదే ఏదీ కదలదే పిల్లా. కాబట్టి ఆ పండు ఎటు పడాలో ఎప్పుడో ఖాయమైపోయింది. నా లెక్క ప్రకారం పంది వైపే. ఊరికే కూర్చోక ఇంటికి పో."

ఉడుత ఉసూరుమంటూ రెండడుగులు వేసి, ఆగింది.

"ఇంతకీ పండుని కదిలించే కారణం ఏంటి మామా?"

"గాలి."

"అది ఎటునుంచి వీస్తుంది?"

"వీచాక చెప్తా."

"అయితే వీచేదాకా నేనూ ఉంటా," అని ఉడుత మళ్లీ చతికిలబడింది.

కాసేపటికి గాలి లేచింది. పండు పంది వైపే వాలింది. పంది నోరు తెరిచింది. అంతలో పండు నాచు మీద జారి, గిర్రున తిరిగి, ఇవతలకి దొర్లి, ఉడుత ముందు పడి పగిలింది.

తొండ గొంతు సవరించుకుంది. "చెప్పానా, కారణం ఉంటుందని! ఆ నాచు ఉందే, దానివల్ల..."

"తీరిగ్గా చెప్పు మామా," అంది ఉడుత గుజ్జులో మూతి ముంచుతూ. "తింటూ వింటా."