వరహాలు చెప్పిన జవాబు

ఆ రోజుల్లో పిల్లలు కాలేజీలకు దరఖాస్తు చేసేవారు కాదు. ఇంటి గోడమీది సలహాదారు యంత్రమే ఇంట్లోవాళ్లను అడిగి, సీటూ స్కాలర్‌షిప్పూ కుదిర్చేది. ఒక ఉదయం విజయనగరంలో అది వరహాలును అడిగింది: “మీ అమ్మాయి హైమ దూరం వెళ్లి చదవగలదా?”

దోసె తిరగేస్తూ వరహాలు, “అది నన్నొగ్గేసి ఉండనేదు” అంది.

యంత్రం దూరపు కాలేజీలన్నీ వదిలేసింది. హైమకు ఊళ్లోనే కామర్సు సీటొచ్చింది. ఆమె కోరుకున్న సముద్రశాస్త్రం గోవాలో ఉంది. అక్కడ హాస్టలుతో సహా ఉచితమని తర్వాత తెలిసింది. వరహాలు బతిమాలినా, గడువు దాటిందంది యంత్రం.

హైమ కోప్పడలేదు. “నన్నోపాలి అడగాల్సిందమ్మా. ఎల్తాననేదాన్ని” అంది.

“తెలుసు. అందుకే అడగనేదు” అంది వరహాలు, కూతురి మొహం చూడలేక.