తూము తీసిందెవరు?

ఈ ఉదయం గడప బయట నాన్న చెప్పులకు నల్లబురద ఎండిపోయి ఉంది. కడగబోతే వద్దన్నాడు. గంజి కూడా ముట్టలేదు.

రొయ్యల గుంటల మందునీళ్లు కాలువలోకి వదిలే ముందు, వలలు తీసుకొమ్మని జాలర్లకు కబురు చేయడం మా అల్లూరు వైపు పద్ధతి. నిన్న ఎవరూ చేయలేదు. తెల్లారేసరికి వలల నిండా చచ్చిన చేపలే.

గుంటల యజమాని కిషోర్ బాబు గారే నేను ఇంగ్లీషు చెప్పే బడికి కరెస్పాండెంటు. తల్లిదండ్రుల ముందు పాఠం చెప్పి చూపే పేరెంట్స్ మీటింగులో జాలర్లు ఆయన్ను నిలదీశారు.

"తూము తెరుచుకునిందంట. నేనేం చేసేదయ్యా?" అన్నారాయన. "పాఠం మొదలుపెట్టమ్మా."

బోర్డు మీద "ది స్లూయిస్ వాజ్ ఓపెన్డ్" అని ఆయన మాటనే ఇంగ్లీషులో రాశాను.

"ఇది పాసివ్ వాయిస్. చేసినవాళ్ల పేరు దాచేయొచ్చు. యాక్టివ్‌లోకి మార్చు చిట్టీ. పేరు ముందు రావాలి."

జాలరి చెంచయ్య కూతురు లేచింది. "కిషోర్ బాబు ఓపెన్డ్ ది స్లూయిస్!"

"తెలుగులో చెప్పు బిడ్డా, సారుకు అర్థమయ్యేటట్టు," అన్నాడు చెంచయ్య. అందరూ నవ్వారు.

కిషోర్ బాబు గారు నా వైపు చూశారు.

"కరెక్ట్," అన్నాను.

ఆయన చెబితే తూము పలక ఎత్తింది మా నాన్న.