చేశారు

అత్యాచార బాధితుల సహాయ కేంద్రం నుంచి నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆ అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కుర్చీలో కూర్చుని మాట్లాడిందంతా వాళ్ళ బావగారే.

“జరిగిందేదో జరిగిపోయిందండీ. నలుగురికి తెలిస్తే మా మరదలి పరువేం కాను?”

నాకు ఒళ్ళు మండింది. “దానంతటది జరిగిపోవడానికి అదేమన్నా వానాండీ? ఎవడో చేశాడు.” ఆమె వైపు తిరిగాను. “‘జరిగింది’ అనకమ్మా. ‘చేశాడు’ అను. ఆ తర్వాత సంగతి మేం చూసుకుంటాం.”

ఆమె పెదవి విప్పింది. “చేశారు.”

“ఎంతమందమ్మా?”

“ఒక్కరే.” ఆమె కళ్ళు నేల మీంచి లేచి కుర్చీ మీద ఆగాయి. “ఆయన్ని ‘మీరు’ అనాలంది అక్క.”

అప్పటిదాకా వాణ్ణి నేనూ ‘అండీ’ అంటూనే ఉన్నాను.

“లేవరా,” అన్నాను.