రూబెన్ కుర్చీ

అమెరికా స్వాతంత్ర్యం కోసం ఇంగ్లండు రాజు మీద తుపాకీ పట్టినవాళ్లలో ఆ న్యూ హాంప్‌షైర్ పల్లెలో మిగిలింది ఎలిఫలెట్ ఒక్కడే. ఆయనకు తొంభై రెండేళ్లు. కూతురు మెహిటబెల్ ఆయన్ని ఫొటో తీయించడానికి మంచులో బండి మీద తీసుకొచ్చి, "రూపం ఒక్కటి దక్కితే చాలు" అంది. ఫొటోగ్రాఫర్ అమోస్ ముసలాయన పాదాల కింద వేడి ఇటుక పెట్టాడు.

"పక్కన రూబెన్‌కీ ఓ కుర్చీ వెయ్యవోయ్."

"నీతో తుపాకీ పట్టిన రూబెన్ ఆ యుద్ధంలోనే పోయాడు కదా నాన్నా!"

"పోతే? వాడెప్పుడూ ఆలస్యంగానే వస్తాడు."

అమోస్ నవ్వుతూ కుర్చీ వేశాడు. అరవై లెక్కపెట్టేదాకా కదలొద్దని చెప్పి, సాయంత్రపు ఆఖరి వెలుగులో బొమ్మ తీశాడు.

చీకటి పడింది. తండ్రికి కునుకు పట్టిందనుకుని, మెహిటబెల్ దుప్పటి కప్పి గుర్రాన్ని బండికి కట్టడానికి వెళ్లింది. లోపలి గదిలో అమోస్ బొమ్మ పడిన వెండి రేకును కడిగి దీపం దగ్గర పెట్టి చూశాడు.

ఊపిరి పీల్చే మనిషి ఎంత బిగుసుకు కూర్చున్నా బొమ్మలో అంచులు కాస్త చెదురుతాయి. బొత్తిగా చెదరని బొమ్మ అమోస్ ఇంతవరకూ ఒక్కటే తీశాడు. అది అతని భార్యది, ఆమె పోయిన మర్నాడు తీసింది.

ఎలిఫలెట్ ముఖం రెప్పవెంట్రుకలతో సహా స్పష్టంగా ఉంది. ఖాళీ కుర్చీలో మాత్రం, ఎవరో కూర్చుని ఊపిరి పీల్చినట్టు, మనిషంత మసక.

"లే నాన్నా, బండి సిద్ధం!" బయటినుంచి మెహిటబెల్ కేక.

ముందుగదిలో ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత రెండోది.

"వస్తున్నాం," అని జవాబొచ్చింది. అది తొంభై రెండేళ్ల గొంతు కాదు.