చెల్లెలి కరెంటు కారు

"కోరుట్ల నుంచి ఒక్కదానివే నడుపుకుంట అచ్చినవా?"

సిరిసిల్లలో తన ఇంటి ముందు కొత్త కరెంటు కారు దిగుతున్న చెల్లెలు జమునను స్వరూప అడిగింది.

"ఒక్కదాన్నే అక్కా. మా ఆయనకు నడుపుడే రాదు," జమున నవ్వింది.

స్వరూపకు కడుపు మండింది. బట్ట నేసే సాంచాల షెడ్డు ఉన్నది తమకు. కారు వచ్చింది చెల్లెలికి.

"జర చిన్నగున్నది," అంది.

ఆమె భర్త అంబదాస్ కారు చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "గీ కొత్త కంపెనీలను నేను నమ్మ. కొంటే గా జర్మనీ పెద్ద కంపెనీదే కొంట. వాళ్ళు గూడ కరెంటుది తెస్తున్నరు."

"ఎన్నేండ్ల సంది తెస్తున్నరు బావా?"

"పెద్ద కంపెనీలు నిదానంగనే మారుతయి. రానియ్యి, మీ అక్కను ఎనుక సీట్ల రాణి లెక్క కూసోవెడ్త."

ఆ మాట విన్నప్పుడల్లా స్వరూప మురిసిపోయేది. ఇవాళ మురవలేదు. తన కళ్ళు కారు మీద లేవు, స్టీరింగు ముందరి సీటు మీద ఉన్నాయి. తను అసూయపడింది దానికేనని ఆమెకు అప్పుడు అర్థమైంది.

"చెల్లె, నాకు నేర్పుతవా?"

"దా అక్కా. ఖాళీ జాగల నేర్పుత."

"నడుపుడు నీకెందుకే?" అంబదాస్ ఆశ్చర్యపోయాడు.

స్వరూప చెల్లెలి పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. "నీ పెద్ద కారు అచ్చేటాళ్ళకు నాకు నడుపుడు అచ్చి ఉంటది. అప్పుడు ఎనుక సీట్ల నువ్వే కూసో."