ఐదో పరికరం

నెట్ మళ్లీ తెగిపోయింది. కాసేపటికి ఎప్పటిలాగే తనంతట తానే తిరిగి వచ్చింది.

ఈసారి తర్కం మాస్టారు విసుక్కోలేదు. కళ్లద్దాలు తుడుచుకుని కూతురి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి ఆయన. కారణం లేని కార్యం ఉండదని జీవితమంతా బోధించినవాడికి, నెట్ ఊరికే పోతోందని ఒప్పుకోవడం చిన్నతనం.

పైగా వ్యవధి లేదు. ఆ సాయంత్రమే అమ్మాయికి ఆఖరి ఇంటర్వ్యూ, వీడియోలో. కిందటిసారి ఆమె జవాబు సగంలో ఉండగా నెట్ పోయింది. తిరిగి వచ్చేసరికి అవతలివాళ్లు లేచి వెళ్లిపోయారు. బతిమాలితే ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఇంక ఇవ్వమని కూడా చెప్పారు. ఫోన్ మీద ఆధారపడదామంటే, ఆ సందులో దాని సిగ్నల్ మాట వినడానికే చాలదు.

"ఒకసారి ప్లగ్గు తీసి పెడితే బాగవుతుందంటారు కదండీ అందరూ," అంది భార్య వంటింట్లోంచి.

"అందరూ అంటారు. మనం అనకూడదు. అది లక్షణానికి మందు. నాకు కారణం కావాలి. సెట్టింగుల్లోంచే పట్టుకుంటాను."

"రూటర్‌ని ఎత్తులో పెడితే మంచిదట నాన్నా," అంది అమ్మాయి తెర మీద చదువుతూ.

"దాని చోటు మార్చే ప్రశ్న లేదు. తర్వాతది చదువు."

సెట్టింగుల పేజీకి కంపెనీవాళ్లు పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంది. మాస్టారు నొచ్చుకున్నారు.

"ఇంత నిర్లక్ష్యమా! ఎవడైనా లోపలికి వచ్చేయగలడు."

ముందు ఫర్మ్‌వేర్ చూశారు. రూటర్‌ని నడిపించే ఆ లోపలి ప్రోగ్రాము ఏళ్లనాటిది. కొత్తది ఎక్కించడం మొదలుపెట్టారు. పూర్తయ్యేదాకా కరెంటు తీయవద్దని తెర మీద ఎర్రక్షరాలు వెలిశాయి. భార్య గరిటె పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయింది.

"ఇప్పుడెవరూ ప్లగ్గు జోలికి పోకుండా ఉంటే చాలు భగవంతుడా!"

ఎవరూ పోలేదు. ఫర్మ్‌వేర్ ఎక్కింది. మధ్యాహ్నం సీరియళ్ల వేళకి నెట్ మళ్లీ తెగింది.

మాస్టారు సంతోషించారు. ఒక కారణం తొలగిపోయింది.

తర్వాత చానెల్, అంటే వైఫై సిగ్నల్ నడిచే దారి. చుట్టుపక్కల రూటర్లన్నీ ఒక్క చానెల్ మీదే గుమిగూడి ఉన్నాయి. ఖాళీగా ఉన్నదానికి మార్చారు. తేడా లేదు. తర్వాత కరెంటు పొదుపు సెట్టింగు తీసేశారు. తేడా లేదు. ఒక మార్పు, ఒక పరీక్ష. రెండూ కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో తేలదని ఆయన పట్టుదల.

ఈలోగా తల్లీకూతుళ్లు ఇంటర్వ్యూకి చోటు సిద్ధం చేశారు. సిగ్నల్ నిండుగా అందేది ఒక్కచోటే, వంటింటి గట్టు పక్కన, అదీ నేల మీద కూర్చుంటేనే. గ్యాస్ బండ కనబడకుండా వెనక దుప్పటి కట్టారు.

"ఆఫీసరమ్మగారికి ఉల్లిపాయల బుట్ట పక్కన సింహాసనం," అంది తల్లి చాప పరుస్తూ.

"నవ్వించకే అమ్మా. చదివిన జవాబులన్నీ మర్చిపోతాను."

మాస్టారికి చివరికి మిగిలింది, ఎవరెవరు నెట్ వాడుతున్నారో చూడటం. కూతుర్ని పిలిచారు.

"మన ఫోన్లు రెండు, ల్యాప్‌టాప్ ఒకటి. వెరసి మూడు. నాలుగోది తెలిసిందే. ఈ ఐదోదేమిటి?"

"ఇదివరకు లేదు నాన్నా. ఈమధ్యనే చేరింది. నెట్టంతా ఇదే తాగేస్తోంది!"

మాస్టారు లేచి నిలబడ్డారు. కారణం దొరికింది. దానికంటే ముందు కోపం వచ్చింది.

"దొంగవెధవలు! అవసరమైతే వచ్చి అడగొచ్చు కదా?"

"అడగడానికి మొహం చెల్లలేదేమోనండీ," అంది భార్య మెల్లిగా.

"పాస్‌వర్డ్ మార్చేయనా నాన్నా?"

"వద్దు. లేనిపోని ప్రశ్నలొస్తాయి. ఆ ఒక్కదాన్నీ గెంటెయ్."

అమ్మాయి మీట నొక్కింది. ఐదో పరికరం మాయమైంది. అప్పుడే కింది వాటాలో, ఇన్సూరెన్సాయన ఇంట్లో, హోరెత్తుతున్న సీరియల్ ఠక్కున ఆగింది. భార్య నేల వైపు చూసింది. తర్వాత మాస్టారి వైపు చూసింది.

ఇంటర్వ్యూ మొదలైంది. బొమ్మ అద్దంలా ఉంది. అవతల ముగ్గురు అడిగిన ప్రతిదానికీ అమ్మాయి తడుముకోకుండా జవాబిచ్చింది. దుప్పటి అవతల మాస్టారు చేతులు కట్టుకుని, సిద్ధాంతం రుజువైన వాడిలా నిలబడ్డారు. చివరికి మధ్యలో కూర్చున్నావిడ కాగితాలు పక్కన పెట్టి నవ్వింది.

"మాకు నచ్చారు. ఒక్కటే ప్రశ్న. ఎప్పుడు చేరగలరు?"

అమ్మాయి నోరు తెరిచింది. తెర మీద ఆవిడ నవ్వు నవ్వినట్టే బిగుసుకుపోయింది.

ఇంట్లో ముగ్గురూ ఎదురుచూశారు. ఈసారి నెట్ తిరిగి రాలేదు.

కిందినుంచి ఇన్సూరెన్సాయన గొంతు మెట్ల మీదుగా స్పష్టంగా వినిపించింది: "మన రూటర్‌లో ఎవడో దూరి, మన కొత్త టీవీనే బయటికి గెంటాడే, అందుకే ప్లగ్గు పీకి పారేశాను, అవసరమైతే వచ్చి అడగమను!"