బీరువాలో చప్పుడు

ముసలాయన గోడ బీరువాకు చెవి ఆనించి నిలబడ్డాడు.

"ఏంది తాతా, లోపట పుస్తకాలు పాటలు పాడుతున్నయా?" అటెండర్ పరశురాం నవ్వాడు.

ముసలాయన నవ్వలేదు.

"సప్పుడైతుంది బిడ్డా. తలుపు తియ్యి."

మెదక్ పీజీ సెంటర్ లైబ్రరీకి ఫేబ మేడమే ఇన్‌చార్జి. ఆ వారమే హైదరాబాద్‌లోని మెయిన్ లైబ్రరీతో నెట్‌వర్క్ కలిసింది. ఆ హడావిడిలో ఉన్న ఆమె విసుగ్గా తలెత్తింది.

"ఎవరు మీరు?"

"ఎల్లం. మాది కుల్చారం."

"కార్డు ఉందా?"

"లేదమ్మా. గోడకు చెద పట్టింది. గీ బీరువల నలభై నోటుబుక్కులున్నయ్. మనయే. జర చూడుండ్రి."

"మనయి కాదు, యూనివర్సిటీవి. అయినా అన్నీ నెట్‌ల ఎక్కినయ్. ఫికర్ చెయ్యకుండ్రి."

సర్కారు సొమ్మంటే అందరికీ మనదే కదా అని లోలోపల నవ్వుకుంది ఆమె. తాళంచెవి సొరుగులోనే ఉంది. లేవడానికి బద్ధకించింది.

ముసలాయన మళ్లీ రెండుసార్లు వచ్చాడు. రెండోసారి గేటు దాటనివ్వొద్దని ఆమే చెప్పింది. ఆయన వానలో కాసేపు నిలబడి, కిటికీ వైపు చూసి వెళ్లిపోయాడు.

తర్వాత గదిలో తడిమట్టి వాసన మొదలైంది. వానాకాలమే కదా అనుకున్నారు.

నెల రోజులకు హైదరాబాద్ నుంచి ఫోన్.

"మేడం, మీ దగ్గరున్న నలభై పాటల నోటుబుక్కులు పంపండి. స్కాన్ చేయాలి."

"నెట్‌ల ఉన్నయి కదా సార్?"

"నెట్‌ల ఉన్నయి పేర్లే మేడం. పాటలు మీ దగ్గరే. వేరే కాపీ లేదు."

ఫేబ సొరుగులోంచి తాళంచెవి లాక్కుంది. పరుగున వెళ్లి తాళం తీసింది.

నలభై పుస్తకాలూ వరసగా నిలబడే ఉన్నాయి. నంబరు చీటీలు కూడా చెదరలేదు. ఒకదాన్ని పట్టి లాగితే అట్ట చేతికొచ్చింది. లోపలంతా మట్టి. ఆ మట్టి కదులుతోంది.

"గా తాతను పిలువు పరశురాం. ఆయన కాళ్లు మొక్కుత."

"ఏడికెళ్లి పిలుస్త మేడం? ఆయన పోయిండు. మొన్ననే దినాలైనయట."

ఫేబ హైదరాబాద్ సార్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయనకే ఒక ఆశ తోచింది.

"ఆ పాటలన్నీ ఒక్క మనిషే పాడిండట మేడం. చదువు రాదు, అన్నీ నోటికే. మళ్లా పాడించి రాసుకుందాం. రికార్డుల పేరుంటది, చూడండి."

ఫేబ కంప్యూటర్ ముందు కూర్చుని, నోటుబుక్కు చీటీ మీది నంబరు కొట్టింది.

పాడినవారు: ఎల్లం, కుల్చారం.